చివరి ఇంటి వోల్టేజీ

(మా చదువులు, మా లెక్కలు – 17)

డ్రాపౌట్ అనే మాట మా కాలేజీలో రెండు చోట్ల వినబడుతుంది. ఒకటి ఆఫీసు గదిలో. ఫీజు కట్టనివాళ్ళ పేర్లు, హాజరు తగ్గినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి పైన ఆ మాట పెడతారు. రెండోది ఎలక్ట్రానిక్స్ ల్యాబులో. అక్కడ అది ఒక కొలత. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ అనే చిన్న ముక్క సరిగ్గా పనిచేయాలంటే, అది ఇవ్వాల్సిన దానికంటే దానికి అందేది ఎంత ఎక్కువ ఉండాలో చెప్పే అంకె. దాన్ని డ్రాపౌట్ వోల్టేజీ అంటారు.

ఆఫీసు కాగితంలో డ్రాపౌట్ అంటే పిల్లల తప్పు. ల్యాబులో డ్రాపౌట్ అయితే రెగ్యులేటర్‌ని ఎవరూ తిట్టరు. మీటరు పట్టుకుని వెనక్కి పోయి, దానికి అందుతున్నది ఎంతో కొలుస్తారు. ఈ తేడా గురించి చాన్నాళ్ళుగా రాయాలనుకుంటున్నాను. మధ్యలో కాస్త లెక్కలుంటాయి. గుణకారాలు, తీసివేతలు వస్తే చాలు. ఆర్ట్స్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ భయపడి వదిలేయకండి. లెక్క మనది కాదని మనల్ని నమ్మించినవాళ్ళు చాలామంది ఉన్నారు.

నేను పీహెచ్‌డీ చేసింది తెలుగు సాహిత్యంలో. కరెంటు సంగతులు నాకు మా పెద్దన్న నేర్పాడు. ఆయన ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ చదివి మండలంలో చిన్న షాపు పెట్టుకున్నాడు. సెలవులొస్తే నేను అక్కడే. ఎనామిల్ పూసిన రాగితీగని బాబిన్ మీద చుట్టడం, చుట్లు తప్పకుండా లెక్కపెట్టడం నా పని. ఎక్కువగా చుట్టింది స్టెబిలైజర్ కాయిల్స్. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

మా కాలేజీలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ పిల్లలకి తెలుగు సెకండ్ లాంగ్వేజ్. "మాకెందుకు సార్ తెలుగు" అని ప్రతి ఏడూ ఒకరన్నా అడుగుతారు. ఈ ఏడు అడిగినవాళ్ళకి ఒక పని చెప్పాను. మీ ల్యాబ్ ప్రాజెక్టు ఏం చేస్తుందో, ఎట్లా చేస్తుందో మీ అమ్మకి అర్థమయ్యేట్టు తెలుగులో రాసుకురండి అన్నాను. చాలామంది ఒక పేజీ రాశారు. ఒకమ్మాయి ఏడు పేజీలు రాసింది. ఈ వ్యాసంలో ఉన్న లెక్కల్లో సగం ఆమెవే. ఆమె అనుమతితో రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది.

ఆమె ప్రాజెక్టు నీళ్ళ ట్యాంకు అలారం. ట్యాంకు నిండితే బజర్ మోగుతుంది. దాంట్లో ఉన్న మైక్రోకంట్రోలర్‌కి కదలకుండా 5 వోల్టులు కావాలి. గోడ ప్లగ్గులో వచ్చేదేమో 230 వోల్టుల ఏసీ. మధ్యలో నాలుగు పనులు జరగాలి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి అటూ ఇటూ ఊగే కరెంటుని ఒకే దిక్కుకి మళ్ళిస్తుంది. కెపాసిటర్ మన ఇంటి నీళ్ళ తొట్టిలాంటిది, కుళాయి వచ్చినప్పుడు నింపుకుని రానప్పుడు ఇస్తుంది. అయినా తొట్టిలో మట్టం కాస్త పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ ఊగులాటని రిపుల్ అంటారు. నాలుగోది రెగ్యులేటర్. ఆమె వాడింది 7805. మూడు కాళ్ళుంటాయి. 05 అంటే 5 వోల్టులు.

ఆ మూడు కాళ్ళ ముక్క లోపల ఏం జరుగుతుందో ఆమె చక్కగా రాసింది. ముందు ఒక రిఫరెన్స్ ఉండాలి. బయట ఏం మారినా తాను మారని ఒక వోల్టేజీ. విడి భాగాలతో కట్టేవాళ్ళు దీనికి జీనర్ డయోడ్ వాడతారు. 1934లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ జీనర్ వివరించిన లక్షణం మీద ఆ పేరు వచ్చింది. దాన్ని తిరగేసి కలిపితే ఒక అంకె దగ్గర వోల్టేజీ ఆగిపోతుంది. వేడి ఎక్కితే ఆ అంకె కూడా కొంచెం జరుగుతుంది. తక్కువ వోల్టుల జీనర్లలో కిందికి, ఎక్కువ వోల్టుల వాటిలో పైకి. 5.6 వోల్టుల దగ్గర ఈ రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. అందుకే తెలిసిన మెకానిక్‌లు 5.6 అడిగి తీసుకుంటారు. మా అన్న డబ్బాలో అవి వేరే పొట్లంలో ఉండేవి.

రెండోది పోలిక. బయటికి వెళ్ళే వోల్టేజీలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి రిఫరెన్స్‌తో పోలుస్తారు. తగ్గితే దారిలో ఉన్న ట్రాన్సిస్టర్ ఇంకాస్త తెరుచుకుంటుంది, పెరిగితే ఇంకాస్త మూసుకుంటుంది. దీన్ని నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ పనికి పోతూ, పడవలో కూర్చుని చేతిలో ఉన్న వార్తాపత్రిక మీదే ఈ ఆలోచన గీసుకున్నాడు. ఆయన దాన్ని టెలిఫోన్ యాంప్లిఫయర్ల కోసం కనిపెట్టాడు. ఇవాళ ప్రతి రెగ్యులేటర్ లోపలా అదే నడుస్తోంది.

ఎంత వోల్టేజీ కావాలో మనమే నిర్ణయించుకునే రెగ్యులేటర్లు కూడా ఉన్నాయి. ఎల్ఎం 317 అలాంటిది. దాని రిఫరెన్స్ 1.25 వోల్టులు. రెండు రెసిస్టర్లు పెట్టాలి. మొదటిది 240 ఓమ్‌లు, రెండోది 720 ఓమ్‌లు అనుకోండి. 720ని 240తో భాగిస్తే 3. దానికి 1 కలిపితే 4. 1.25ని 4తో గుణిస్తే 5 వోల్టులు. రెసిస్టర్ల నిష్పత్తి మారిస్తే వోల్టేజీ మారుతుంది.

అసలు సంగతి ఏంటంటే, ఈ రకం రెగ్యులేటర్ ఉన్నదాంట్లోంచి కోసి ఇవ్వగలదు, లేనిదాన్ని పుట్టించలేదు. 7805 నుంచి 5 రావాలంటే దానికి సుమారు 2 వోల్టులు మిగులు కావాలి. అంటే 7 అందాలి. 7 కంటే తగ్గితే రిఫరెన్స్ ఉన్నా, పోలిక జరుగుతున్నా, ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకున్నా బయటికి 5 రాదు. అప్పుడు అది డ్రాపౌట్‌లోకి పోయింది అంటారు. లోపల ఏ భాగమూ చెడిపోలేదు. తనకు చేతనైనంతా చేస్తూనే ఉంది.

ఆ అమ్మాయి అలారం కాలేజీ ల్యాబులో ఏ లోపం లేకుండా మోగింది. ఇంటికి తీసుకెళ్తే రాత్రి ఏడు నుంచి పది దాకా మాటిమాటికి ఆగి మళ్ళీ మొదలయ్యేది. చూసిన ఒక పెద్దమనిషి "లూజు కనెక్షన్, శ్రద్ధ లేదు" అని తేల్చేశాడు. ఆమె సోల్డరింగ్ అంతా రెండుసార్లు చూసుకుంది. తర్వాత ల్యాబ్ నుంచి మల్టీమీటర్ అడిగి తీసుకెళ్ళి ఇంట్లో ప్లగ్గు కొలిచింది. ఏడున్నరకి 150.

ఇప్పుడు ఆమె లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ మీద 9 వోల్టులని రాసుంది. ఆ 9 వచ్చేది గోడలో 230 ఉన్నప్పుడు. 9ని 1.414తో గుణిస్తే శిఖరం 12.7. డయోడ్లు 1.4 తీసుకుంటాయి, మిగిలింది 11.3. ఆమె పెట్టింది 1000 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్. సర్క్యూట్ తీసుకునేది 100 మిల్లీ ఆంపియర్లు. ఈ రెంటికీ రిపుల్ సుమారు 1 వోల్టు. అది కూడా తీసేస్తే 10.3. కావాల్సింది 7. కాలేజీలో అందుకే మోగింది.

అదే గోడలో 150 ఉంటే 9 కాస్తా 5.87 అవుతుంది. శిఖరం 8.3. డయోడ్లకి 1.4 పోతే 6.9. రిపుల్ పోతే 5.9. ఏడు లేదు. రెగ్యులేటర్ తన 2 వోల్టులు తను ఉంచుకుంటే బయటికి వచ్చేది 3.9. ఆమె వాడిన మైక్రోకంట్రోలర్ 4 కంటే కింద నిలబడదు. ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. లూజు కనెక్షన్ ఎక్కడా లేదు.

ఆమె మళ్ళీ డిజైన్ చేసింది. ఈసారి 230 నుంచి మొదలుపెట్టలేదు, 150 నుంచి మొదలుపెట్టింది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అయితే 150 దగ్గర 7.83 ఇస్తుంది. శిఖరం 11.07. డయోడ్లు, రిపుల్ పోగా 8.67. ఏడు దాటింది. అక్కడితో ఆగలేదు. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక అదే ప్లగ్గులో 250 చూసింది. అప్పుడు రెగ్యులేటర్ ముందు 17 వోల్టులుంటాయి. ఇవ్వాల్సింది 5. మిగతా 12 వోల్టుల్ని అది వేడిగా మార్చి పారేయాలి. 12ని 0.1 ఆంపియర్‌తో గుణిస్తే 1.2 వాట్లు. రేకు బిగించని 7805 ఒక్కో వాటుకి సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే 78 డిగ్రీలు. మన ఎండాకాలం 40 కలిపితే 118. దాని హద్దు 125. అంత అంచున ఎందుకని చిన్న అల్యూమినియం రేకు బిగించింది. ఇప్పుడు ఆ అలారం వాళ్ళింట్లోనూ మోగుతుంది, కాలేజీలోనూ మోగుతుంది.

పుస్తకాల్లో లెక్కలన్నీ 230 దగ్గర మొదలవుతాయి. ఆ పుస్తకం రాసినాయన ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉండి ఉంటుంది.

మరి ఆమె ఇంట్లో 150 ఎందుకుంది? తీగ పొడవు వల్ల. తీగకి నిరోధం ఉంటుంది. సులువు కోసం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి ఇంటి దాకా రానూ పోనూ కలిపి 1 ఓమ్ అనుకుందాం. ఆ తీగంతా 40 ఆంపియర్లు పారితే 40 వోల్టులు దారిలోనే పోతాయి. మొదటి ఇంట్లో 230, చివరి ఇంట్లో 190. తగ్గింది 17 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మా చిన్నప్పటి ఫిలమెంట్ బల్బు అంతకే దాదాపు సగం వెలుగు పోగొట్టుకుంటుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. తగ్గితే తిరగలేక మూలుగుతుంది, చివరికి కాలిపోతుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఇళ్ళకిచ్చే వోల్టేజీ 6 శాతం కంటే అటూ ఇటూ పోకూడదని ఉంది. 230లో 6 శాతం తీసేస్తే 216.

మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ ఊరి నడుమ, పెద్దిళ్ళ దగ్గర ఉండేది. తీగ అక్కణ్ణించి బజారు దాటి, చెరువు కట్ట దాటి, చిట్టచివర మా మాదిగపల్లెకి వచ్చేది. పల్లెని ఊరికి అంత దూరంలో పెట్టింది కులం. ఆ దూరమే తీగ పొడవయింది, తీగ పొడవు నిరోధమయింది. పదో తరగతి పరీక్షలకి నేను చదివిన వెలుగు ఎంతో ఓమ్ సూత్రంతో కట్టొచ్చు. లైన్‌మన్‌ని అడిగితే "మీ పల్లెలో కొక్కేలేస్తారు, అందుకే రాదు" అనేవాడు. మీటరున్న ఇంటికీ అదే జవాబు.

ఇప్పుడు స్టెబిలైజర్ దగ్గరికి వద్దాం. ఇది 7805 లాంటిది కాదు, వోల్టేజీని పెంచగలదు కూడా. లోపల ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఒకే కాయిల్‌కి మధ్య మధ్యలో ట్యాపులు తీస్తారు. వచ్చే వోల్టేజీని ఒక సర్క్యూట్ రిఫరెన్స్‌తో పోల్చి, ఏ ట్యాపు కలపాలో రిలేకి చెబుతుంది. టక్ మని చప్పుడు వచ్చేది ఆ రిలేనే. టీవీలు, ఫ్రిజ్‌లు ఇళ్ళలోకి వచ్చాక మన దేశంలో ఇదొక పెద్ద వ్యాపారమయింది. వీ గార్డ్ కంపెనీ 1977లో కొచ్చిలో స్టెబిలైజర్లతోనే మొదలయింది. మా అన్నలాంటివాళ్ళు ఊరూరా చేత్తో చుట్టి అమ్మారు.

కానీ పెంచిన వోల్టేజీ ఊరికే రాదు. ఒక సామానుకి 230 దగ్గర 2 ఆంపియర్లు కావాలి, అంటే 460 వాట్లు అనుకోండి. లైన్లో 180 ఉంది. స్టెబిలైజర్ దానికి 230 చేసి ఇవ్వాలంటే లైన్ నుంచి 2.56 ఆంపియర్లు లాగాలి. హీటరులాంటి మామూలు సామాను స్టెబిలైజర్ లేకుండా ఉంటే అదే 180 దగ్గర 1.57 మాత్రమే తీసుకునేది. అందరి వోల్టేజీ తగ్గినప్పుడు స్టెబిలైజర్ ఉన్న ఇల్లు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఎక్కువ లాగితే తీగలో ఇంకా ఎక్కువ పోతుంది. చివరి ఇంట్లో ఇంకా తగ్గుతుంది.

మా అన్నకి ఈ లెక్క తెలుసు. ఒకరోజు సాయంత్రం ఊళ్ళో పెద్దింటికి కొత్త స్టెబిలైజర్ బిగించి వచ్చాడు. ఇంట్లో బల్బు వంక చూసి "ఒరే, నేను చుట్టిన కాయిలే మన లైటు తినేస్తందిరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ కాయిల్ డబ్బులతోనే నేను ఇంటర్‌లో చేరాను.

స్టెబిలైజర్ కొనుక్కున్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. వాళ్ళ ఫ్రిజ్ కాలిపోకూడదని కొనుక్కున్నారు. కానీ ఉమ్మడి తీగ సన్నగా ఉన్నప్పుడు ఎవరికి వాళ్ళు కొనుక్కునే నిలకడ, కొనలేనివాళ్ళ దగ్గర్నుంచి లాగి తెచ్చుకున్నదే. దానికి మందు ఇంకో స్టెబిలైజర్ కాదు. తీగ లావు పెంచాలి, ట్రాన్స్‌ఫార్మర్‌ని పల్లె దాకా తేవాలి. సర్కారు బడిని సన్నబడనిచ్చి, కొనగలిగినవాళ్ళు కోచింగులు కొనుక్కుని, చివరికి ఒకే పరీక్షలో అందరి మార్కులూ పోల్చి మెరిట్ అనే దగ్గర కూడా నాకు ఈ తీగే గుర్తొస్తుంది.

ఈ సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్. విద్యుత్ విధానం ఆయన శాఖ కిందే ఉండేది. 1943లో విద్యుత్ మీద వేసిన విధాన కమిటీలో మాట్లాడుతూ, కరెంటు చవకగా, సమృద్ధిగా అందాలన్నాడు. రాజ్యాంగం రాసినాయనగా ఆయన ఫొటో పెట్టుకుంటాం. తీగల గురించి ఆలోచించినాయనగా కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి చూడండి. 1997 దాకా ఒక గ్రామ పరిధిలో ఎక్కడో ఒకచోట, ఏ పనికైనా కరెంటు వాడితే ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే లెక్క. పొలంలో ఒక్క మోటారున్నా చాలు. 1997లో జనం ఉండే చోట వాడాలన్నారు. 2004లో నిర్వచనం మళ్ళీ మార్చి, ట్రాన్స్‌ఫార్మరూ లైన్లూ దళిత బస్తీ ఉంటే అక్కడ కూడా ఉండాలని, కనీసం 10 శాతం ఇళ్ళకి కరెంటు ఉండాలని రాశారు. ఊరికి కరెంటొచ్చింది అనడానికి మన పల్లెని కూడా చూడాలని కాగితం మీదికి ఎక్కింది స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్ళకి. అందులో కూడా ఎన్ని వోల్టులన్న ప్రశ్న లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. మొన్న వచ్చిన డ్రాపౌట్ కాగితంలో ఆమె పేరు ఉంది. హాజరు తగ్గింది. మిరపకాయ కోతలప్పుడు వాళ్ళమ్మతో కూలికి పోయింది, బస్ పాసు డబ్బులు కూడా అందులోంచే రావాలి. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. హాస్టల్ సీటు రాలేదు. కనిష్ఠ ఇన్‌పుట్ నుంచి డిజైన్ చేయాలని మా కాలేజీలో కనిపెట్టిన ఒకే ఒక్క విద్యార్థిని, ఇన్‌పుట్ కొలవకుండానే ఆ కాగితంలో రాసేశారు.

నేనూ ఇంకో ఇద్దరు లెక్చరర్లూ కూర్చుని ఆ కాగితానికి నాలుగు గడులు చేర్చాం. స్కాలర్‌షిప్ ఏ తేదీన పడింది, హాస్టల్ సీటు ఉందా, ఇల్లు ఎంత దూరం, ఇంట్లో సంపాదించేది ఎవరు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగి నింపాం. నింపిన కాగితాన్ని, హాజరు మినహాయింపు దరఖాస్తులతో కలిపి పైకి పంపాం. ఆమె దరఖాస్తు ఆమే రాసుకుంది, తెలుగులో. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, డిప్లొమా, ఐటీఐ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు రెండు పనులు చెబుతాను. మల్టీమీటర్ ఒకటి సంపాదించండి. కొనలేకపోతే నలుగురు కలిసి కొనండి. మీ పల్లెలో చిట్టచివరి ఇంటికి పోయి, తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకుని, జాగ్రత్తగా ప్లగ్గులో వోల్టేజీ కొలవండి. పొద్దున ఆరుకి, రాత్రి ఏడున్నరకి, రాత్రి పన్నెండుకి, వారం రోజులు. తేదీ, టైము, అంకె రాయండి. అదే టైములో ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో కూడా ఒకరు కొలవాలి. రెండు వరుసలు పక్కపక్కన పెట్టి కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. లైటు డల్లుగా ఉందంటే కొక్కేలంటారు. అంకెలకి వాళ్ళు అంకెలతో జవాబు చెప్పాలి.

రెండోది. మీరు ఏ సర్క్యూట్ కట్టినా ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో ఒక లైను రాయండి: కనిష్ఠ ఇన్‌పుట్ ఇన్ని వోల్టులు, కొలిచింది ఫలానా పల్లెలో, చివరి ఇంట్లో.

జై భీమ్.